దూలం కొన ఎవరు చూశారు?

సర్వే అనే మాట మన ఊళ్ళలో భూమికే అంటుకుపోయింది. గొలుసు, హద్దురాళ్ళు, పక్కవాళ్ళతో తగాదా, ఈమధ్య అయితే పైన తిరిగే డ్రోను. పాత ఇల్లు కొనబోయేవాళ్ళు ముందు సర్వేయరును పిలిచి స్థలం కొలిపిస్తారు. లాయరుకు లింకు డాక్యుమెంట్లు చూపిస్తారు. ముప్పై ఏళ్ళకు ఈసీ తీయిస్తారు. సిద్ధాంతిగారిని కారులో తీసుకొచ్చి సింహద్వారం, నూయి, వంటగది సరైన చోట ఉన్నాయో లేదో అడుగుతారు. ఇంత చేసి, ఈ గోడలు ఇంకో ముప్పై ఏళ్ళు నిలబడతాయా, ఈ దూలాలు మోస్తాయా అని చెప్పగల మనిషిని మాత్రం పిలవరు. అలాంటి మనిషికి మన దగ్గర ఒక పేరు కూడా లేదు.

ఇంగ్లండులో పాత ఇల్లు కొనేటప్పుడు చార్టర్డ్ సర్వేయరుకు చూపించుకోవడం మామూలు విషయం. ఆర్.ఐ.సి.ఎస్. అనే వాళ్ళ సంస్థ ఆ పరిశీలనను మూడు స్థాయిలుగా పెట్టింది. పాత ఇళ్ళకు, బాగా మార్పులు చేసిన ఇళ్ళకు మూడో స్థాయి చేయించుకోమంటారు. అక్కడ స్థిరపడిన మనవాళ్ళు అక్కడి ఇంటికి ఆ నివేదిక చూసుకునే సంతకం పెడతారు. అదే మనిషి సంక్రాంతికి ఇక్కడికొచ్చి, తాతగారి ఊళ్ళో ఒక మండువా ఇల్లు చూసి మనసు పారేసుకుని, సాయంత్రానికి బయానా ఇచ్చేస్తాడు. సంక్రాంతి నాటికి వానలు, తుపాన్లు వెళ్ళిపోయి గోడలు ఆరి ఉంటాయి. పండక్కి కొత్తగా సున్నం వేసి ఉంటారు. పాత ఇంటి జబ్బులు కంటికి అతి తక్కువగా కనిపించే నెల అదే.

నేనూ ఒకసారి అలాంటి జనవరిలోనే వెళ్ళాను. నా స్నేహితుడు ఒకాయన అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో మండువా లోగిలి కొందామనుకున్నాడు. తెల్లటి గోడలు, వార్నిషు రాసిన స్తంభాలు, నల్లగా మెరిసే దూలాలు. చేత్తో తడితే దూలం ఖంగుమంది. మా ఇద్దరికీ అప్పటికే ఇల్లు నచ్చేసింది. వెంట తీసుకెళ్ళిన వడ్రంగి పెద్దాయన మాత్రం దూలం నడుమ వైపు చూడనేలేదు. నిచ్చెన వేయించుకుని, దూలం గోడలోకి దూరే చోటికి ఎక్కాడు. అక్కడి సున్నాన్ని గోటితో గీకి, జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి నొక్కాడు. అది పిడి దాకా దిగిపోయింది. బయటికి లాగితే మొనకు తడిసిన రంపపు పొట్టులాంటి ముద్ద అంటుకుని వచ్చింది. "నడుం చూడకండి బాబుగారూ, దూలం చచ్చేది కొనల్లోనండి" అన్నాడాయన దిగుతూ.

ఆ ఒక్క మాట పట్టుకుని ఆలోచిస్తే పాత ఇంటి పరీక్ష మొత్తం అర్థమవుతుంది. ఇంటి బరువు కప్పు నుంచి వాసాలకు, వాసాల నుంచి దూలానికి, దూలం కొన నుంచి గోడకు, గోడ నుంచి నేలకు దిగుతుంది. నీరు కూడా దాదాపు అదే దారిన దిగుతుంది. పెంకు పగిలిన చోట మొదలై గోడ నెత్తిన చేరుతుంది. అక్కడ ఇటుకల మధ్య బిగించి ఉన్న దూలం కొన తడుస్తుంది. నడుమ భాగానికి గాలి తగిలి ఆరుతుంది, కొనకు ఆ అదృష్టం లేదు. బరువు దారి, నీటి దారి ఎక్కడెక్కడ కలుస్తాయో అక్కడే ఇల్లు పాడవుతుంది. పరీక్షించే మనిషి వెతకవలసింది ఆ కూడళ్ళను: దూలాల కొనలు, రెండు వాలుకప్పులు కలిసే మండువా మూలల్లోని జింకురేకులు, చూరు కింద గోడ నెత్తి, స్తంభం కాలు రాతి దిమ్మె మీద ఆనే చోటు, గోడ అడుగున మొదటి రెండడుగులు.

గోదావరి డెల్టాలోని పెద్ద లోగిళ్ళ వెనక ఒక చరిత్ర ఉంది. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక పండిన పంట ఆ ఇళ్ళను కట్టించింది. కాకినాడ రేవు రంగూనుతో వ్యాపారం చేసిన రోజుల్లో బర్మా టేకు ఇక్కడికి ఓడల్లో వచ్చేది. ఆ టేకు చేవకు చెదలు అంత తేలిగ్గా పట్టవు. కానీ "బర్మా టేకు" అన్న మాట అమ్మకందారు నోట ఇంటి మొత్తానికి వర్తించేస్తుంది. మండువా చుట్టూ, ముందు వసారాలో కనబడే చోట టేకు వాడి, వెనక గదుల్లో, వంటింట్లో, అటక మీద తాటి దూలాలు, స్థానికంగా దొరికిన కర్ర వేయడం చాలా ఇళ్ళలో ఉన్నదే. తాటి దూలం తీరు వేరు. టేకుకు చేవ లోపల ఉంటుంది, తాటికి చేవ బయట ఉంటుంది. తాటిమాను లోపలి భాగం మెత్తన. పైన గట్టిగా ఉన్న తాటి దూలం లోపల డొల్లయినా పైకి తెలియదు. తట్టి వినాలి, పక్కల సన్న బెజ్జాలున్నాయేమో, కింద పిండిలాంటి పొడి రాలిందేమో చూడాలి. చెదలు గోడ వెంట మట్టి గొట్టాలు కట్టుకుని పైకి పోతాయి. సంక్రాంతి సున్నానికి ముందు ఆ గొట్టాలను చీపురుతో దులిపేస్తారు, చెదలు లోపలే ఉంటాయి. అందుకే అటక ఎక్కకుండా చేసిన పరీక్షను నేను పరీక్ష అనను. అటక మీద సున్నం వేయరు, రంగు వేయరు, వందేళ్ళ నిజం అక్కడ ఉన్నదున్నట్టు ఉంటుంది.

రాయలసీమకు వస్తే ఇల్లు పూర్తిగా మారిపోతుంది. రాతిగోడలు, మట్టి అడుసు, పైన దూలాలు, దంతెలు, వాటి మీద కర్రలో బండలో పరిచి ఆపైన చౌడుమన్ను వేసిన మిద్దె. ఎండాకాలం ఆ మిద్దె కింద ఉండే చల్లదనం ఏ స్లాబు కిందా దొరకదు. మిద్దె కురిస్తే మళ్ళీ చౌడు వేస్తారు. పాతది తీసి వేయాలి, కానీ చాలామంది పాతదాని మీదే కొత్తది పోస్తారు. ముప్పై నలభై ఏళ్ళు అలా పోస్తే ఏమవుతుందో లెక్క వేయవచ్చు. ఘనమీటరు మట్టి తేలిగ్గా 1,600 నుంచి 1,800 కిలోలు తూగుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న గది మీద నాలుగంగుళాల మట్టి అదనంగా చేరితే ఒకటిన్నర టన్నుకు పైగా బరువు పెరిగినట్టు. తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం మాత్రం తాతల నాటిదే. మిద్దె ఇల్లు కొనేటప్పుడు పైన ఒక మూల పారతో తవ్వించి మట్టి మందం కొలవడం కన్నా విలువైన పరీక్ష లేదు, దానికి ఏ యంత్రమూ అక్కర్లేదు.

బరువైన మిద్దె, మట్టితో కట్టిన రాతిగోడ కలిస్తే ఏం జరుగుతుందో 1993 సెప్టెంబర్ 30 తెల్లవారుజామున మహారాష్ట్రలోని లాతూరు జిల్లా కిల్లారి ప్రాంతంలో దేశం చూసింది. వేలమంది నిద్రలోనే తమ ఇంటి గోడల కింద, తమ ఇంటి మట్టి కింద ప్రాణాలు విడిచారు. ఆ గోడలు రెండడుగులకు పైగా మందం. కానీ బయటి వరస రాళ్ళు వేరు, లోపలి వరస రాళ్ళు వేరు, మధ్యలో చిన్న రాళ్ళు, మట్టి. రెండు వరసలనూ కలిపి కట్టే పొడుగు రాళ్ళు లేవు. కదిలేసరికి గోడ రెండు పొరలుగా విడిపోయింది. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికన్నా తక్కువ ప్రమాదం ఉన్న ఒకటో మండలంలో ఉంది. 2002లో పటాన్ని సవరించి ఆ ఒకటో మండలాన్నే తీసేశారు. మన పక్కనా కదలికలు లేకపోలేదు: 1967లో ఒంగోలు, 1969లో భద్రాచలం, 2024 డిసెంబర్ 4 ఉదయం ములుగు. చివరిది 5.3 తీవ్రతతో వచ్చి హైదరాబాదు దాకా తెలిసింది. అందుకే సీమలోనూ, తెలంగాణలోనూ రాతి ఇల్లు కొనేవాళ్ళు గోడ మందం చూసి ధైర్యపడకూడదు. గోడ కొస ఎక్కడైనా పూత లేకుండా బయటపడి ఉంటే, లేదా కిటికీ పక్కన, ఈ ముఖం నుంచి ఆ ముఖం దాకా పట్టిన పొడుగు రాళ్ళు ఉన్నాయా అని చూడాలి. గోడ మధ్యలో కడుపు ఉబ్బినట్టు బయటికి వచ్చిందంటే పొరలు విడుతున్నాయనే అర్థం.

తెలంగాణ గూనపెంకుటిళ్ళు, భవంతులు మరో రకం. మట్టిగోడ మీద డంగు సున్నం పూత, పైన బోలెడు చిన్న గూనపెంకులు. ఏటా వానలకు ముందు కప్పు సర్దించాలి. కోతులు తిరిగే ఊళ్ళో ఏడాదికి ఒకసారి చాలదు. కప్పు సర్దే పని తెలిసినవాళ్ళు తగ్గిపోవడం వల్ల చాలా ఇళ్ళకు పెంకులు తీసి రేకులు వేశారు. రేకు తేలిక, అది మంచిదే. కానీ పెంకుల బరువుకు నొక్కుకుని ఉన్న కప్పు తేలికపడ్డాక గాలికి లేచే గుణం వస్తుంది. రేకుల కప్పును గోడకు ఎలా బిగించారో చూడాలి. తీరప్రాంతంలో అయితే ఈ ప్రశ్న ప్రాణానికి సంబంధించినది. 1977 దివిసీమ, 1996 కోనసీమ, 2014 హుద్‌హుద్ తుపాన్లను చూసిన ఊళ్ళలో ఏ కప్పు లేచిపోయింది, ఏది నిలిచింది అని అడిగితే ఇల్లిల్లూ చూపించి చెప్పగలవాళ్ళు ఇంకా ఉన్నారు. గోదావరి పక్కన అయితే 1986 వరదకు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో చూపించమని అడగాలి. మట్టి అడుసుతో కట్టిన గోడ రోజుల తరబడి నీళ్ళలో నానితే దాని అడుగు మెత్తబడి కుంగుతుంది, ఆ కుంగుడు తర్వాత పై పూతల కింద దాగుతుంది.

వీటన్నిటికన్నా నాకు భయమేసే ఇల్లు వేరే ఉంది. మట్టి అడుసు గోడల పాత పెంకుటింటి మీద కప్పు తీసేసి స్లాబు వేసిన ఇల్లు, లేదా సగం పెంకు, సగం స్లాబు చేసి పైన ఒక గది లేపిన ఇల్లు. కొడుకు పెళ్ళికో, అమెరికా నుంచి డబ్బొచ్చినప్పుడో అలా చేస్తారు. పైకి చూస్తే అది ఊళ్ళో అందరికన్నా మెరుగైన ఇల్లు. పెంకులకని కట్టిన గోడ మీద కాంక్రీటు కూర్చుంది. వాస్తు కోసం గోడ కొట్టి ద్వారం మార్చి ఉంటే ఆ భారం ఇంకా తక్కువ గోడ మీద పడింది. కొట్టిన చోట పైన ఏం పెట్టారు, ఇనుప గడ్డరా, బండా, ఏమీ లేదా అన్నది తప్పకుండా అడగాలి. కొనేవాళ్ళకు మార్పులు ఎప్పుడు, ఎందుకు చేశారన్న చరిత్ర ఇంటి వయసు కన్నా ముఖ్యం. వందేళ్ళుగా ఒకే రూపంలో ఉన్న ఇల్లు తన బరువుకు అలవాటుపడి ఉంటుంది. ఇరవై ఏళ్ళ కింద రూపం మారిన ఇల్లు ఇంకా సర్దుకుంటూ ఉండవచ్చు.

ఇక 1970, 80లలో వేసిన స్లాబు డాబాలు. వాటిని ఎవరూ పాత ఇళ్ళ కింద లెక్కపెట్టరు గానీ, నా మటుకు నాకు వందేళ్ళ లోగిలి కన్నా వాటికే పరీక్ష మరింత అవసరం అనిపిస్తుంది. ఇంజనీర్లు తెచ్చే పరికరాలు సరిగ్గా పనికొచ్చేదీ అక్కడే. రీబౌండ్ హామర్ కాంక్రీటు పైపొర గట్టిదనాన్ని చెబుతుంది. అల్ట్రాసోనిక్ పరీక్ష లోపల డొల్లలు, పగుళ్ళు ఉన్నాయేమో తెలుపుతుంది. పెచ్చు ఊడిన చోట తాజాగా విరిచి ఫినాల్ఫ్తలీన్ చల్లితే, క్షారగుణం మిగిలిన కాంక్రీటు గులాబీ రంగుకు తిరుగుతుంది. రంగు మారని చోట చువ్వకు కాంక్రీటు ఇచ్చే రక్షణ పోయిందన్నమాట. సముద్రపు ఉప్పు తగిలిన ఇసుక వాడిన తీరప్రాంతపు ఇళ్ళలో చువ్వ ఇంకా ముందే తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. పెచ్చు ఊడిన చోట సిమెంటు పూసి రంగు వేస్తే అది వైద్యం కాదు, కట్టు మాత్రమే.

అయితే ఆ పరికరాలనే తీసుకెళ్ళి మట్టి, సున్నం, కలప ఇంటి మీద పెడితే ఏమీ తెలియదు. రీబౌండ్ హామర్‌ను కాంక్రీటుకు సరిపోల్చి తయారు చేశారు. గానుగ సున్నంతో కట్టిన ఇటుకగోడ మీద అది చూపే అంకెకు అర్థం లేదు. చెమ్మ కొలిచే మీటరు ఉప్పు పట్టిన గోడ మీద అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. అంకెలు నిండిన నివేదిక చేతికొచ్చి, అందులో గోడ బలహీనం అని రాసి ఉంటే మంచి ఇల్లు కూడా కూలగొట్టవలసినదానిలా కనిపిస్తుంది. ఇంజనీరింగ్ చదువులో సున్నం, మట్టి చాలా తక్కువ, కాంక్రీటు చాలా ఎక్కువ. ఆ లోటు ఆ ఇంజనీరుది కాదు, మనం నేర్పిన చదువుది. కానీ ఫలితం అనుభవించేది ఇల్లు. అందువల్ల పిలిచే ముందు ఒకటి రెండు ప్రశ్నలు అడగడం తప్పు కాదు. ఇంతకుముందు సున్నపు ఇల్లు ఏదైనా చూశారా? మట్టి ఇళ్ళ గురించిన ఐఎస్ 13827, బలం తక్కువ అడుసుతో కట్టిన రాతి, ఇటుక గోడల గురించిన ఐఎస్ 13828 చూశారా? ఈ రెండు ప్రమాణాలూ 1993లో వచ్చినవే. ఉన్న కట్టడాలను పరీక్షించి బలపరిచే పద్ధతులకు ఐఎస్ 13935 ఉంది. ఇవి తెలిసిన మనిషి రీబౌండ్ హామర్ తీసుకురాడు. తూకం గుండు, టార్చి, మేకు, చిన్న సుత్తి తెచ్చుకుంటాడు. మహా అయితే గోడలోకి చిన్న బెజ్జం వేసి దూలం కొన చూసే సన్నటి కెమెరా గొట్టం తెస్తాడు, అది నిజంగా పనికొచ్చే పరికరం.

పగుళ్ళ సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే జనం ఎక్కువగా బెదిరేదీ, ఎక్కువగా మోసపోయేదీ వాటి దగ్గరే. పూత మీద సాలెగూడులా పరుచుకున్న సన్న గీతలు ఏమీ చేయవు. పాత గోడకు కొత్త గది అతికిన చోట నిలువుగా వచ్చిన పగులు చాలాసార్లు రెండు కట్టడాలు వేర్వేరుగా కదిలిన గుర్తు, అంతే. కిటికీ మూల నుంచి మెట్లు మెట్లుగా ఏటవాలుగా పోయే పగులు అయితే ఒక మూల కుంగిందని చెబుతుంది. గదుల మధ్య అడ్డగోడ, వీధిగోడ కలిసే మూలలో పైన వెడల్పుగా, కిందికి వచ్చేసరికి సన్నగా ఉన్న పగులు అన్నిటికన్నా చెడ్డది. వీధిగోడ బయటికి వాలుతోందని, కప్పు దాన్ని నెడుతోందని దాని అర్థం. గుండు వదిలి చూస్తే ఎంత వాలిందో తెలుస్తుంది. భారం గోడ మందంలో నడిమి మూడోవంతు లోపల దిగుతున్నంతకాలం గోడ నొక్కుకుని ఉంటుంది, అది దాటితే ఒక పక్క తెరుచుకోవడం మొదలవుతుంది.

పగులు ఎంత ఉంది అన్నదానికన్నా, కదులుతోందా ఆగిపోయిందా అన్నది ముఖ్యం. నల్లరేగడి నేల మీద కట్టిన ఇంట్లో ఎండాకాలం తెరుచుకుని వానాకాలం మూసుకునే పగుళ్ళు ఉంటాయి. నేల ఉబ్బుతూ ముడుచుకుంటూ ఉండటమే దానికి కారణం. ఒకసారి చూస్తే ఏదీ తేలదు. పాత మేస్త్రీలు పగులుకు అడ్డంగా గాజుముక్క అతికించి వెళ్ళేవారు. నెలల తర్వాత వచ్చి గాజు విరిగిందా లేదా చూసేవారు. పగులు చివర పెన్సిలుతో గీత గీసి తేదీ వేసినా సరిపోతుంది. కొనేవాళ్ళకు అంత వ్యవధి ఉండదు అంటారు. పదేళ్ళుగా ఖాళీగా ఉన్న ఇంటిని, ఇంకో వానాకాలం ఆగితే ఎవరైనా కొనేసుకుంటారన్న భయం చాలాసార్లు దళారి పుట్టించినదే.

చెమ్మ గురించి చెప్పకుండా ఈ విషయం పూర్తి కాదు. ఈ జబ్బులో సగం ఇంటిది కాదు, ఊరిది. నేను చూసిన ఒక ఇంటికి అరుగు ఒకప్పుడు వీధి నుంచి మూడడుగుల ఎత్తు ఉండేదట. మట్టి రోడ్డు మీద కంకర, కంకర మీద సీసీ రోడ్డు, దాని మీద మళ్ళీ సీసీ రోడ్డు వేశారు. ఇప్పుడు అరుగు ఒక్క మెట్టు. వెనక పెరడైతే వీధి కన్నా పల్లం. వాన కురిస్తే వీధి నీళ్ళు గోడ అడుగున నిలుస్తాయి. సున్నపు గోడ నీటిని పీల్చుకుని ఆరేసుకునే గోడ. ఆరేసుకోవడానికి దారి ఉన్నంతకాలం దానికి హాని లేదు. ఆ ఇంట్లో లోపల అడుగు ఎత్తుదాకా సిమెంటు పూత కొట్టించి, దానిమీద ఆయిల్ పెయింటు వేసి, గచ్చు మీద టైల్స్ పరిచారు. నేలలో నుంచి పోవాల్సిన తేమ పోలేక గోడ పట్టుకుని పైకి ఎక్కింది. సిమెంటు పూత పైన, నాలుగడుగుల ఎత్తున తెల్లగా ఉప్పు పేలింది. చెయ్యి పెడితే ఇటుక పిండిపిండిగా రాలింది. ఇంటివాళ్ళు చెమ్మను ఆపడానికే అవన్నీ చేశారు, వాళ్ళను తప్పుపట్టలేం. పక్కన రొయ్యల చెరువులున్న ఊళ్ళలో అయితే నేలలో ఉప్పు కూడా తోడవుతుంది. కాబట్టి పరీక్ష గడప బయటే మొదలు కావాలి. వీధి మట్టం ఎంత, లోపలి నేల మట్టం ఎంత, చూరు నీళ్ళు ఎక్కడ పడి ఎటు పోతున్నాయి, సెప్టిక్ ట్యాంకు గోడకు ఎంత దూరం, గోడ సందులో రావి మొక్క మొలిచిందా, ఇవి ముందు చూడాలి.

మండువా ఇళ్ళ విషయంలో ఇంకొక చిక్కు ఉంది, దీన్ని ఏ పరదేశపు పుస్తకమూ చెప్పదు. అన్నదమ్ముల పంపకాల్లో ఇల్లు నడిమికి చీలుతుంది. అమ్మకానికి వచ్చేది తరచుగా సగం ఇల్లే. కాగితం మీద గీత గీస్తే ఇల్లు రెండవుతుంది గానీ, మండువా కప్పు నాలుగు వైపులా ఒకదాన్నొకటి పట్టుకుని నిలిచే అల్లిక. తూర్పు వాటా ఆయన రేపు తన సగం పడగొట్టి స్లాబు కట్టుకుంటే, పడమటి వాటా కప్పుకు ఎదురు ఆధారం పోతుంది. ఇన్నాళ్ళూ ఇంటి లోపల ఉన్న మట్టిగోడ ఒక్కసారిగా వాన మొహాన పడుతుంది. దూలం మధ్యలో కోస్తే కోసిన కొన దేని మీద ఆనాలి? ఉమ్మడి గోడ ఎవరిది? సగం ఇల్లు కొనేవాళ్ళు పరీక్ష మొత్తం ఇంటికి చేయించాలి. పక్క వాటాదారుతో ముందే కూర్చుని మాట్లాడి, పడగొడితే ఉమ్మడి గోడను ఎలా కాపాడాలో కాగితం మీద రాసుకోవాలి. ఈ మాట రిజిస్ట్రేషను తర్వాత ఎత్తితే గొడవ అవుతుంది, ముందు ఎత్తితే మర్యాద అవుతుంది.

చట్టం కొనేవాళ్ళను పూర్తిగా గాలికి వదిలేయలేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి, కొనేవారికి తెలియని, మామూలు శ్రద్ధతో చూసినా కొనేవారు కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు బయటపెట్టాలి. ఆ "మామూలు శ్రద్ధ" దగ్గరే వ్యవహారం ఆగుతుంది. అటక ఎక్కితే కనిపించేదాన్ని ఎక్కకుండా వదిలేసి తర్వాత దావా వేస్తే గెలవడం కష్టం. పైగా దూలం కొన కుళ్ళిందని అమ్మేవాళ్ళకూ చాలాసార్లు నిజంగానే తెలియదు. 2016 రెరా చట్టంలో కట్టడపు లోపాలకు అయిదేళ్ళ బాధ్యత ఉంది, కానీ అది కొత్తగా కట్టి అమ్మే బిల్డరుకు. తాతల నాటి ఇంటికి అది వర్తించదు. బ్యాంకు పంపే వాల్యుయరు వచ్చి కొలిచి వెళ్ళాడు కదా అని కొందరు నిశ్చింతగా ఉంటారు. ఆయన చూసేది బ్యాంకు ఇచ్చే అప్పుకు ఆస్తి విలువ చాలుతుందా అని. 2020 ఏప్రిల్‌లో మొదలైన స్వామిత్వ పథకం గ్రామకంఠంలోని ఇళ్ళకు హక్కు కార్డులు ఇవ్వడానికి వచ్చింది, అది మేలే. కానీ డ్రోనుకు కప్పు పైభాగం కనిపిస్తుంది, కప్పు కింద ఏముందో కనిపించదు.

మరి ఎవరిని పిలవాలి? నా అనుభవంలో ఒక్కరు చాలరు. ఆ ఊళ్ళోనో పక్క ఊళ్ళోనో పాత ఇళ్ళ పని చేసిన వడ్రంగి, సున్నం పని తెలిసిన తాపీమేస్త్రి, వీళ్ళిద్దరూ చూపించినదాన్ని లెక్కగట్టి రాయగల ఇంజనీరో కన్సర్వేషన్ ఆర్కిటెక్టో, ముగ్గురూ ఒకే రోజు ఒకే ఇంట్లో ఉండాలి. మేస్త్రి చెయ్యికి తెలుస్తుంది గానీ అతను రాసివ్వడు. ఇంజనీరు రాసిస్తాడు గానీ ఆయన చెయ్యి ఆ గోడను ఎప్పుడూ పట్టుకోలేదు. వారసత్వ కట్టడాల కోసం పనిచేసే ఇన్‌టాక్ సంస్థ శాఖల ద్వారానూ, విజయవాడలోని స్కూల్ ఆఫ్ ప్లానింగ్ అండ్ ఆర్కిటెక్చర్ లాంటి విద్యాసంస్థల ద్వారానూ పాత కట్టడాలు తెలిసినవాళ్ళ ఆచూకీ తీయవచ్చు. ముగ్గురికీ ఒక రోజుకు ఇచ్చే సొమ్ము బయానాతో పోలిస్తే చాలా చిన్నది. మేస్త్రికి, వడ్రంగికి ఆ రోజు కూలీ ఇచ్చి సరిపెట్టకూడదు. వాళ్ళు అమ్ముతున్నది ముప్పై నలభై ఏళ్ళ చూపు, దానికి తగ్గ ఫీజు ఇవ్వాలి.

అమ్మేవాళ్ళ మనసు గురించి కూడా ఆలోచించాలి. అది వాళ్ళ అమ్మమ్మ పురుడు పోసుకున్న గది కావచ్చు. బయటివాళ్ళు వచ్చి దూలంలో మేకు గుచ్చుతుంటే మొహం చిన్నబోతుంది. అందుకే ముందే చెప్పాలి: "ఇంట్లో తప్పులు పట్టడానికి కాదండి, దీన్ని ఎలా నిలబెట్టుకోవాలో తెలుసుకోవడానికే" అని. అలా అడిగితే వద్దన్నవాళ్ళు నాకు తక్కువే తగిలారు. కొందరు పెద్దవాళ్ళయితే దగ్గరుండి ఏ మూల కురుస్తుందో, ఏ ఏడు ఏ గోడ కట్టారో చెప్పుకొచ్చారు. ఆ మాటలు రాసుకోవాలి, ఏ పరికరమూ చెప్పలేనివి అవి. అగ్రిమెంటు ఇంకా కాలేదు కాబట్టి వాళ్ళకూ దాచాలన్న తొందర ఉండదు. పరీక్ష బయానాకు ముందే జరగాలని నేను అనడానికి ఇదీ ఒక కారణం. చూడనివ్వం, అటక తాళం తీయం అంటే మాత్రం ఆ ఇంటిని వదులుకోవడమే మేలు.

చేతికొచ్చే నివేదికలో ఇల్లు మంచిది, చెడ్డది అన్న తీర్పు అక్కర్లేదు. ఏ పని ఈ వానల్లోపు చేయాలి, ఏది రెండేళ్ళు ఆగినా ఫరవాలేదు, దేన్ని అసలు ముట్టుకోకూడదు, దేనికి ఎంత అవుతుంది అన్న వరస కావాలి. అది ఉంటే బేరం కూడా ఊహ మీద కాకుండా లెక్క మీద నడుస్తుంది.

నా స్నేహితుడి విషయంలో అలాగే జరిగింది. నాలుగు దూలాల కొనలు పోయాయని, మిగతా దూలమంతా గట్టిగా ఉందని తేలింది. కుళ్ళిన మేర కోసి పాత టేకుతోనే అతుకు వేయవచ్చని వడ్రంగి చెప్పాడు, ఇంజనీరు ఆ అతుకు కింద బండరాయి ఆనిక పెట్టమన్నాడు. ఆ ఖర్చు ధరలో తగ్గించుకోవడానికి అమ్మిన పెద్దాయన ఒప్పుకున్నారు. కొన్నాక మొదటి డబ్బు ఇంటి లోపల పెట్టలేదు. వీధి నీళ్ళు మళ్ళించే కాలువకు, మండువా మూలల జింకురేకులకు పెట్టాడు. తర్వాత అతుకులు. తర్వాత గోడల అడుగున ఉన్న సిమెంటు పూత తీయించి సున్నం పెట్టించాడు. రెండు వానాకాలాలు గడిచాయి, ఇంకా రంగు వేయలేదు. పడమటి గది కిటికీ పక్కన పగులు చివర వడ్రంగి గీసిన పెన్సిలు గీత, దాని పక్కన వేసిన తేదీ అలాగే ఉన్నాయి. మొన్న శ్రావణంలో వెళ్ళినప్పుడు టార్చి వేసి చూశాం, పగులు గీత దాటలేదు. మూడో వానాకాలం కూడా చూసి అప్పుడు పూడ్చిస్తానంటున్నాడు.